రేషన్ బియ్యంలో ఆ తెల్ల గింజలేంటి? బలవర్ధక ఆహారం గురించి బెంగళూరు తెలుగువాళ్ళు అడిగే ప్రశ్నలు

రామమూర్తినగర్‌లో మేముండే వీధిలో సగం మంది మనవాళ్ళే. చిత్తూరు, అనంతపురం, కడప వైపు వాళ్ళు, భవనాల పనికి వచ్చిన శ్రీకాకుళం మేస్త్రీలు, ఐటీ ఉద్యోగాల పిల్లలు. నేను ఫుడ్ టెక్నాలజీ చదివి కొన్నేళ్ళు మసాలాలు తయారుచేసే చోట క్వాలిటీ విభాగంలో చేశాను. ఆ మాత్రానికే బియ్యం, ఉప్పు, పాల ప్యాకెట్ల గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా నా దగ్గరికే వస్తున్నారు. నేను డాక్టర్‌ని కాదు, ముందే చెప్తున్నా. అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి ఒక చోట రాసి పెడుతున్నాను. బలవర్ధకం అంటే తిండిలో విటమిన్లు, ఖనిజాలు బయటి నుంచి కలపడం.

రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారట, నిజమేనా?

కాదు. మా ఇంట్లో పనికి వచ్చే అక్కది కదిరి వైపు. ఊరి కార్డు మీదే ఇక్కడి న్యాయబెలె అంగడిలో, అంటే రేషన్ కొట్టులో, బియ్యం తెచ్చుకుంటుంది (ఒకే దేశం ఒకే రేషన్ కార్డు వల్ల అది కుదురుతుంది). ఒకరోజు చాటలో బియ్యం పోసుకుని, కాస్త వేరే రంగులో, మరీ నున్నగా ఉన్న గింజల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతోంది. ఏంటక్కా అంటే "ప్లాస్టిక్ అమ్మా, నీళ్ళలో పోస్తే తేలుతున్నాయి" అంది.

అవి బియ్యప్పిండితో చేసిన గింజలే. నూకల్ని పిండి పట్టి, అందులో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన పొడి వేసి, నీళ్ళతో ముద్ద చేసి, మన జంతికల గొట్టం లాంటి మిషన్‌లో వేడిగా ఒత్తి, బియ్యపు గింజ అచ్చులో కోసి ఆరబెడతారు. ఇలా చేసినవి ఒక పాలు, మామూలు బియ్యం వంద పాళ్ళు, అంటే కిలోకి సుమారు పది గ్రాములు కలుస్తాయి. మిషన్‌లో ఒత్తినవి కాబట్టి లోపల గాలి ఉండి కొన్ని తేలతాయి. అన్నం ముద్ద చేసి నేలకేసి కొడితే ఎగిరిందని వీడియోలు తిరుగుతుంటాయి కదా, అది పిండిపదార్థానికి ఉన్న జిగురు. మీ ఇంటి సోనామసూరి అన్నం కాస్త మెత్తగా వండి గట్టిగా ఉండ చేసి కొట్టండి, అదీ ఎగురుతుంది.

తప్పు ఆ అక్కది మాత్రం కాదు. ఇన్ని కోట్ల మంది తినే బియ్యాన్ని మార్చి, ఏం మార్చారో కొట్టు దగ్గర ఒక్క మాట చెప్పకపోతే జనం ప్లాస్టిక్ అనే అనుకుంటారు.

ఎప్పటి నుంచి ఇస్తున్నారు?

2019లో పదిహేను రాష్ట్రాల్లో ఒక్కో జిల్లా చొప్పున ప్రయోగంగా మొదలుపెట్టాలనుకున్నారు. అది పూర్తిగా తేలకముందే 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని, 2024 కల్లా అన్ని ప్రభుత్వ పథకాల్లోనూ ఈ బియ్యమే ఇస్తామని ప్రకటించారు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది, ఏడాదికి సుమారు 2,700 కోట్ల ఖర్చు అని లెక్క చెప్పింది. 2024 అక్టోబరులో దాన్ని 2028 డిసెంబరు దాకా పొడిగించారు. రేషన్, అంగన్‌వాడీ, బడిలో మధ్యాహ్న భోజనం, మూడూ ఇందులోకే వచ్చాయి.

కిలో బియ్యంలో ఎంత ఉంటుంది? ఎక్కువై ఏమైనా అవుతుందా?

నియమం ప్రకారం కిలోకి ఇనుము 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు, బి12 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాములు ఉండాలి.

ఇంట్లో లెక్క వేద్దాం. మనిషి రోజుకి 200 గ్రాముల బియ్యం తింటే ఇనుము 5.6 నుంచి 8.5 మిల్లీగ్రాములు వస్తుంది. మన దేశపు సిఫారసు ప్రకారం ఆడవాళ్ళకు రోజుకి 29, మగవాళ్ళకు 19 మిల్లీగ్రాములు కావాలి. పరిమితి 45. కాబట్టి ఈ ఒక్క బియ్యంతో ఆరోగ్యవంతుడికి ఇనుము విషమైపోదు. పైగా ఇందులో వాడే ఇనుప లవణం అన్నం రంగు, రుచి మారకూడదని ఎంచుకున్నది, అది ఒంటికి అంత తేలిగ్గా పట్టదు కూడా. ఫోలిక్ యాసిడ్ 15 నుంచి 25 మైక్రోగ్రాములే, బి12 అయితే రోజుకి కావాల్సిన రెండు మైక్రోగ్రాముల పైచిలుకులో పదో వంతు అటూ ఇటూ. అంటే భయపడేంతా లేదు, సంబరపడేంతా లేదు. నాకు అసలు అనుమానం ఇక్కడే మొదలైంది.

కడిగితే పోతాయా? గంజి వంపేస్తే?

ఇవి పైన పూసినవి కావు, పిండిలో కలిపి ఒత్తినవి. రెండుసార్లు కడిగితే పెద్దగా పోవు. ఎక్కువ నీళ్ళు పోసి వండి గంజి పారబోస్తే కొంత పోతుంది. అత్తెసరు పెట్టుకోండి, లేదా గంజిలో ఉప్పు, మజ్జిగ వేసుకుని తాగేయండి.

మా అమ్మ అంటుంది, మా కాలంలో ఇవేవీ కలపలేదు, అందరం గట్టిగానే ఉన్నాం అని. ఏం చెప్పాలి?

ఈ మాట వినగానే నాకు గుర్తొచ్చేది బెరిబెరి. కాళ్ళు చచ్చుబడి, గుండె బలహీనపడి మనుషులు పోయేవాళ్ళు. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో ఈ జబ్బుకి పేరు పడ్డ ప్రాంతం ఏదో తెలుసా, మన ఉత్తర సర్కారు జిల్లాలే, అంటే కోస్తా ఆంధ్ర. అదే ప్రెసిడెన్సీలో అరవ జిల్లాలవాళ్ళూ మనలాగే మూడు పూటలా అన్నమే తిన్నారు కానీ వాళ్ళకు అంతగా రాలేదు. వాళ్ళది ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని బి1 విటమిన్ గింజ లోపలికి దిగుతుంది, తర్వాత మర పట్టినా మిగులుతుంది. మనకేమో పచ్చి బియ్యం, అదీ మల్లెపువ్వులా తెల్లగా ఉండాలి. దంపుడు బియ్యం పోయి మిల్లులొచ్చాక తవుడు గేదెలకు పోయింది, జబ్బు మనకొచ్చింది. జావాలో ఐక్‌మాన్ అనే డచ్చి డాక్టరు పాలిష్ బియ్యం తిన్న కోళ్ళకు ఇలాంటి జబ్బే రావడం గమనించాడు, 1929లో నోబెల్ వచ్చింది. ఇక్కడ కూనూరులోని ప్రయోగశాలలో బియ్యం మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి. అదే 1958లో హైదరాబాదుకు మారి ఇవాళ్టి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

అందుకని అమ్మ మాట సగమే నిజం. వాళ్ళ కాలంలో గట్టిగా ఉన్నవాళ్ళే మిగిలి మనకు కథలు చెప్తున్నారు. ఇంకో సగం మాత్రం ఒప్పుకోవాలి, ముందు మిల్లులో తీసేసి తర్వాత ఫ్యాక్టరీలో కలపడమేంటని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఉప్పులో అయోడిన్ కూడా ఇలాంటి గొడవేనా?

గొడవ జరిగింది, కానీ ఫలితం చాలా తేటగా ఉంది. 1956లో హిమాచల్ కాంగ్రా లోయలో గొంతు కింద గాయిటరు కాయలు సామాన్యం. ఆ లోయను ప్రాంతాలుగా విడదీసి కొన్నింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ళ తరబడి చూశారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట గాయిటరు బాగా తగ్గిపోయింది. ఆ పని నడిపించింది వులిమిరి రామలింగస్వామి గారు, మన శ్రీకాకుళం ఆయన, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివారు. మా వీధి మేస్త్రీలకు ఈ సంగతి చెప్తే ఒకాయన "అయితే ఉప్పు మా ఊరోడిదేనన్నమాట" అన్నాడు, అప్పటి నుంచి అయోడిన్ మీద ఎవరూ ఎదురు మాట్లాడలేదు.

1962లో జాతీయ కార్యక్రమం మొదలైంది. అయోడిన్ లేని ఉప్పు తిండికి అమ్మకూడదన్న నిషేధాన్ని 2000లో కేంద్రం ఎత్తేసింది, చిన్న ఉప్పు రైతులు నష్టపోతున్నారని, జనానికి ఎంపిక ఉండాలని వాదన. 2006లో మళ్ళీ తెచ్చింది. మెదడు ఎదగాల్సిన బిడ్డకు తల్లి కడుపులోనే అయోడిన్ కావాలి, ఆ టైమ్ దాటితే మళ్ళీ రాదు. నేలలో అయోడిన్ లేకపోతే ఆ నేల మీద పండిన కూర ఎంత తిన్నా రాదు. ఇక్కడ ఎంపిక గురించి నేను వాదించను.

థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా, అయోడిన్ ఉప్పు మానేయాలా?

మీ అంతట మీరు మానకండి. డాక్టరు ప్రత్యేకంగా చెప్తే తప్ప.

సైంధవ లవణం మంచిదంటున్నారు కదా?

గులాబీ రంగు బాగుంటుంది. అయోడిన్ దాదాపు ఉండదు. ఉపవాసం రోజు వాడుకోండి, రోజూ అదే వాడితే మాత్రం ఇంట్లో గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్నారా అని ఒకసారి ఆలోచించండి. ఊరి నుంచి తెచ్చుకున్న కల్లుప్పు విషయమూ ఇంతే, ప్యాకెట్ మీద అయోడిన్ అని రాసి ఉందో లేదో చూడాలి. ఉప్పు డబ్బా మూత పెట్టండి, పొయ్యి పక్కన పెట్టకండి.

పాల ప్యాకెట్ మీద, నూనె ప్యాకెట్ మీద నీలం రంగు ఎఫ్, పక్కన ప్లస్ గుర్తు ఉంటోంది. అదేంటి?

బలవర్ధకం చేశారని గుర్తు. పాలల్లో, నూనెల్లో ఎ, డి విటమిన్లు కలుపుతారు. ఇందులో నాకు పెద్ద అభ్యంతరం లేదు. టోన్డ్ పాలు చేయడానికి వెన్న తీసినప్పుడు దాంతోపాటే ఈ రెండు విటమిన్లూ పోతాయి, పోయినవి తిరిగి వేస్తున్నారు. వనస్పతిలో ఎ విటమిన్ కలపాలన్న నియమం 1953 నుంచే ఉంది, మన అమ్మమ్మలు డాల్డా రోజుల్లోనే తెలియకుండా బలవర్ధకం తినేశారు.

బెంగళూరులో డి విటమిన్ సంగతి వేరే చెప్పాలి. పొద్దున ఏడింటికి క్యాబ్, రాత్రి ఎనిమిదింటికి క్యాబ్, మధ్యలో అద్దాల బిల్డింగ్. లీటరు పాలలో 5 నుంచి 7.5 మైక్రోగ్రాముల డి ఉంటుంది, మీరు తాగేది రెండు కాఫీల్లో కలిసి మహా అయితే పావు లీటరు. పాల మీద భారం వేసి ఊరుకోకండి, కాస్త ఎండలోకి రండి. ఇక వేయించిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచి వాడితే అందులోని ఎ విటమిన్ చాలా వరకు పోతుంది, మిగతా సమస్యలు సరేసరి.

బియ్యం మీదే ఎందుకింత గొడవ? సైంటిస్టులే రెండుగా చీలారట?

చీలారు. అందులో ఒక పక్షం మన ఊళ్ళోనే ఉంది. సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో అనూర కుర్పాడ్ గారు, ఢిల్లీలో సచ్‌దేవ్ గారు ఏళ్ళుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు: రక్తహీనత నిజంగా అంతుందా, ఉన్నా అదంతా ఇనుము లేకనేనా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత అంది. ఈ 57 అనే అంకె చూపించే బియ్యం పథకాన్ని సమర్థిస్తారు. అయితే ఆ సర్వేలో వేలికి సూది గుచ్చి చుక్క రక్తం తీస్తారు. వేలిని గట్టిగా నొక్కితే చుక్కలో నీరు కలిసి రక్తం పలచగా కనబడుతుంది. 2016–18లో ఇంకో జాతీయ సర్వే పిల్లలకు నరం నుంచి రక్తం తీసి చూసింది, 1–4 ఏళ్ళ పిల్లల్లో 41 శాతానికి రక్తహీనత అని తేలింది. దాదాపు అదే కాలంలో వేలి చుక్కతో చేసిన కుటుంబ ఆరోగ్య సర్వే (ముందు విడత) పిల్లల్లో చెప్పింది 58.6 శాతం. పోల్చిన వయసులు అచ్చంగా ఒకటి కావు, నిజమే, అయినా తేడా చిన్నది కాదు. 41 కూడా తక్కువేం కాదు, పదిమందిలో నలుగురు పిల్లలు. కానీ అందులో సగానికి పైగా ఇనుము లోపంతో ముడిపడనివే, బి12, ఫోలేట్ లేక, లేదా అంటువ్యాధుల వల్ల, ఇంకా ఏవేవో కారణాలతో వచ్చినవి. అలాంటి బిడ్డకు ఇనుము పోస్తే ఏం లాభం?

రెండో సంగతి. బియ్యంలో ఇనుము వేసి రక్తహీనత తగ్గుతుందా అని ప్రపంచవ్యాప్తంగా జరిగిన ప్రయోగాలన్నీ పోగేసి 2019లో కోక్రేన్ సంస్థ సమీక్షించింది. రక్తహీనతలో తేడా చాలా తక్కువ, లేదా అసలు లేదు అన్నది దాని సారాంశం. సమర్థించేవాళ్ళు దీనికి చెప్పే జవాబు కూడా న్యాయంగా చెప్పాలి: ప్రయోగాలు కొద్ది నెలలే జరిగాయి, బియ్యం పదేళ్ళు తింటారు, మాత్రలు మింగమంటే జనం పారేస్తున్నారు, అన్నం మాత్రం పారేయరు, మనిషికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. చివరి రెండు మాటలూ నిజమే. మా వీధిలోనే ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ మాత్రలు మల్లె మొక్కకు వేసినావిడ ఉంది, పువ్వులు బాగా పూస్తున్నాయట.

మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైంది. స్వీడన్ ఏళ్ళ తరబడి పిండిలో ఇనుము కలిపి 1995లో మానేసింది, కలిపినా మానినా వాళ్ళ కంచంలో మాంసం, చేపలు, పాలు ఉన్నాయి. మన దగ్గర ఈ బియ్యం తినేది కంచంలో బియ్యం తప్ప ఇంకేమీ పెద్దగా లేనివాళ్ళు. వాళ్ళకు కావాల్సింది పక్కన పప్పు, గుడ్డు, ఆకుకూర. ఆ బియ్యంలోనే నాలుగు గింజలు మార్చి లెక్క సరిపోయిందంటే నేను ఒప్పుకోను. కర్ణాటక 2024లో బడిపిల్లలకు వారానికి ఆరు రోజులు గుడ్డు ఇచ్చే ఏర్పాటు చేసింది, గుడ్డు తిననివాళ్ళకు అరటిపండో చిక్కీనో. గుడ్డులో బి12 ఉంది, మంచి ప్రోటీన్ ఉంది, ఇంకా చాలా ఉన్నాయి. గుడ్డు మీద మాత్రం ప్రతి ఏడాదీ రాజకీయం.

సికిల్ సెల్, తలసేమియా ఉన్నవాళ్ళు ఈ బియ్యం తినొచ్చా?

ఈ రెండూ పుట్టుకతో వచ్చే రక్త జబ్బులు. మొదట నియమాల్లోనే హెచ్చరిక ఉండేది: తలసేమియా ఉన్నవాళ్ళు డాక్టరు పర్యవేక్షణలో తినాలి, సికిల్ సెల్ ఉన్నవాళ్ళు తినకపోవడం మంచిది, ప్యాకెట్ మీద అలా రాయాలి అని. విడిగా తూకం వేసి ఇచ్చే బియ్యం మీద ఎక్కడ రాస్తారు? విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2024లో కేంద్రం నిపుణుల బృందం పరిశీలించిందని, ఈ మోతాదు వాళ్ళకు హాని చేయదని, హెచ్చరిక అవసరం లేదని చెప్పింది. మాటిమాటికీ రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లల ఒంట్లో ఇనుము ఇప్పటికే పేరుకుపోయి ఉంటుంది, దాన్ని బయటకు పంపడానికి మందులు వాడతారు. మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే ప్రభుత్వ ప్రకటననీ, నా మాటనీ పక్కన పెట్టి, చూస్తున్న డాక్టర్నే అడగండి. మన్యం వైపు నుంచి వచ్చినవాళ్ళు సికిల్ సెల్ పరీక్ష ఒకసారి చేయించుకోవడం మంచిది.

పెళ్ళైంది, పిల్లల కోసం చూస్తున్నాం. ఈ బియ్యంలో ఫోలిక్ యాసిడ్ ఉంది కదా, మాత్ర వేసుకోవాలా?

వేసుకోవాలి. బియ్యంతో వచ్చేది ఇరవై మైక్రోగ్రాములు అనుకుందాం, గర్భం దాల్చకముందు నుంచీ కావాల్సింది రోజుకి 400. బిడ్డ వెన్నెముక, మెదడు ఏర్పడే గొట్టం మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది, నెల తప్పిందని తెలిసేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది. బ్రిటన్ నడిపించి 1991లో ఫలితాలు చెప్పిన పెద్ద ప్రయోగంలో, ముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లులు ఫోలిక్ యాసిడ్ వాడితే మళ్ళీ వచ్చే ప్రమాదం సుమారు 70 శాతం తగ్గింది. అందుకే అమెరికా 1998 నుంచి పిండిలో తప్పనిసరి చేసింది. ప్రయోగం నడిపించిన బ్రిటన్ మాత్రం ముప్పై ఏళ్ళకు పైగా చర్చించి 2024లో చట్టం తెచ్చింది.

ఈ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, మద్రాసులో వైద్యం చదివారు. అన్నదమ్ముల్ని స్ప్రూ అనే పేగు జబ్బు తీసుకుపోయింది, ఆ జబ్బుకు పనికొచ్చిన మందు చివరికి ఆయన చేతి మీదుగానే వచ్చింది. ఆ మాత్ర ఇవాళ మందుల షాపులో చాలా చవక. దయచేసి కొనుక్కోండి.

ఐరన్ మాత్రలు వాడుతున్నా, ఈ బియ్యం కూడా తింటే డబుల్ అవుతుందా?

గర్భిణులకిచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, బియ్యం ఇచ్చేది అందులో ఏడో వంతు నుంచి పదకొండో వంతు దాకా. మాత్ర మానకండి. మాత్ర వేసుకున్నాక, భోజనం అయ్యాక కనీసం గంట సేపు టీ, కాఫీ వద్దు. దర్శినిలో (ఇక్కడి నిలబడి తినే చిన్న హోటల్) ఇడ్లీ తిని వెంటనే ఫిల్టర్ కాఫీ తాగే మన అలవాటు ఇనుముకు పెద్ద అడ్డు. బదులుగా పప్పులో నిమ్మకాయ పిండుకోండి, ఉసిరికాయ పచ్చడి వేసుకోండి, సి విటమిన్ ఇనుమును పట్టిస్తుంది.

రాగిముద్ద తింటే ఇవన్నీ అక్కర్లేదు కదా?

రాగిలో కాల్షియం దండిగా ఉంటుంది, నూరు గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైనే. బి12 మాత్రం చుక్క కూడా ఉండదు, అది పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలోనే దొరుకుతుంది. ముద్ద తినండి, పక్కన ఉలవచారో నాటుకోడి పులుసో ఉంటే మరీ మంచిది.

ఇదంతా విటమిన్లు అమ్మే కంపెనీల లాభం కోసమేనా?

కొంత మార్కెట్టు వాళ్ళకు దొరుకుతుంది, అది దాచలేం. దేశమంతా ఒకేసారి తప్పనిసరి అంటే ఈ పొడి తయారుచేసే పెద్ద కంపెనీలకు పండగే, మిషన్ పెట్టలేని చిన్న మిల్లు నలుగుతుంది. అంతమాత్రాన కుట్ర అనను. అయోడిన్ అమ్మేవాళ్ళకూ లాభం వచ్చింది, గాయిటరూ తగ్గింది. చూడాల్సింది జబ్బు తగ్గిందా లేదా అన్నదే, బియ్యం విషయంలో ఆ లెక్క ఇంకా నాకు నమ్మకంగా కనబడలేదు.

మేం రేషన్ తీసుకోం, సోనామసూరి బస్తా కొంటాం. మాకేం సంబంధం?

మీరు కొనే బస్తా మీద ఆ నీలం గుర్తు ఉంటే కొనొచ్చు, లేకపోతే లేదు, ఇష్టం మీది. మా ఇంట్లో పనికి వచ్చే అక్కకు ఆ ఎంపిక లేదు. సంబంధం అంతవరకే.

ఏరేసిన గింజలు పావురాలకు వేయొచ్చా?

ఈ ప్రశ్న కూడా ఆ అక్కే అడిగింది. వేయొచ్చు, చావవు. కానీ బెంగళూరు పావురాలకు రక్తం తక్కువని ఏ సర్వేలోనూ రాలేదక్కా, అవి నీ వాటాకి వచ్చిన బియ్యం, వండుకుని తిను అన్నాను. ఇప్పుడు ఏరడం మానేసింది, కానీ పప్పు ధర ఎప్పుడు తగ్గుతుందని అడుగుతోంది, దానికి నేనేం చెప్పను.